పికప్ కోసం క్యాట్ మారుద్దామా?

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదులో ఏదో ఒక షెడ్డులోనో కారు లిఫ్టు మీదికెక్కించి, ఇంజిన్ వెనక ఉబ్బుగా కనిపించే ఉక్కు డబ్బాను పానాతో తట్టి మెకానిక్ చెప్పే మాట ఒకటుంది. "ఇది లేపేసి స్ట్రెయిట్ పైపు వేసేద్దాం సార్, పికప్ ఇరగదీస్తుంది." కారు యజమాని కాస్త వెనకాడితే రెండో మాట వస్తుంది. "పోనీ హై-ఫ్లో క్యాట్ వేద్దాం. పికప్పూ వస్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్టూ వస్తుంది." మొదటి సలహా చట్టవిరుద్ధమని చాలామందికి తెలుసు. రెండోది వింటే మాత్రం ఏ ఇబ్బందీ లేని మధ్యే మార్గంలా అనిపిస్తుంది. అది నిజంగా మధ్యే మార్గమేనా, ఎవరికి పనికొస్తుంది, ఎవరికి డబ్బు దండగ అన్నది తేల్చుకోవాలంటే ముందు ఆ డబ్బా లోపల ఏముందో చూడాలి.

ఆ డబ్బా, అంటే షెడ్డు భాషలో క్యాట్ అనే క్యాటలిటిక్ కన్వర్టర్, చేసే పని మూడు విషాలను విరగ్గొట్టడం. కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా మారుస్తుంది. మొదటి రెండు పనులకు ప్లాటినం, పల్లాడియం. మూడోదానికి రోడియం. ఈ లోహాలను పోరస్ అల్యూమినా పూతలో కలిపి, సన్నటి రంధ్రాలున్న తేనెపట్టు లాంటి ఇటుక గోడలకు పట్టిస్తారు. పూతలో సీరియం ఆక్సైడ్ కూడా ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాచుకుని, తక్కువైనప్పుడు వదలడం దాని పని. ఇది గుర్తు పెట్టుకోండి, చెక్ ఇంజిన్ లైటు సంగతి వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది. ఇంత ఏర్పాటూ పని చేయాలంటే ఇటుక 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. అంతవరకూ అది ఉన్నా లేనట్టే.

దీని చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ముడిచమురును ఉత్ప్రేరకంతో శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టిన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ 1950లలో అమెరికాలో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అయితే అప్పటి పెట్రోలులో సీసం ఉండేది. సీసం పూత మీద పేరుకుంటే ఉత్ప్రేరకం చచ్చిపోతుంది. కాబట్టి పెట్రోలు మారేదాకా ఆ డబ్బా కార్లలోకి రాలేదు. 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం తర్వాత, 1975 మోడళ్లతో అమెరికాలో దారి పడింది. మూడు విషాలనూ ఒకే ఇటుకలో విరగ్గొట్టే త్రీ-వే క్యాట్‌ను ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్‌ల బృందం తెచ్చింది. లాంబ్డా సెన్సార్‌తో (ఆక్సిజన్ సెన్సార్‌తో) కలిపి దాన్ని రోడ్డెక్కించింది వోల్వో, 1977 మోడల్ కార్లలో. మన దగ్గర 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు క్యాట్ తప్పనిసరి చేసి, దానికి తోడుగా సీసం లేని పెట్రోలు పంపులు తెరిచారు. దేశమంతటా సీసం పోయింది 2000లో. 2010లో భారత్ స్టేజ్-4 మొదట అమలైన 13 నగరాల్లో హైదరాబాదు ఒకటి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6. పెట్రోలులో గంధకం పరిమితి బీఎస్-4లో 50 పీపీఎం ఉండేది, బీఎస్-6లో 10కి దిగింది. పెట్రోలు శుభ్రపడే కొద్దీ క్యాట్ ఆయుష్షు పెరిగింది. అందుకే ఈరోజు బాగా నడిచే కారులో లక్ష కిలోమీటర్లు దాటినా క్యాట్ బాగానే ఉంటుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఫ్లో అంటే ఏమిటి?

మామూలు కారులో ఇటుక కార్డియరైట్ అనే పింగాణీతో చేస్తారు. చదరపు అంగుళానికి 400 గడులు, లేదా 600. నాలుగు వందల గడుల ఇటుకలో ఒక్కో గడి, గోడ మందంతో కలిపి, 1.27 మిల్లీమీటర్లు. గోడ మందం సుమారు 0.165 మిల్లీమీటర్లు ఉంటే, ముందు నుంచి చూసినప్పుడు ఇటుకలో ఖాళీ జాగా 76 శాతం దాకా వస్తుంది. మిగతా 24 శాతం గోడలే. పూత పూశాక ఆ ఖాళీ ఇంకొంచెం తగ్గుతుంది. అదే 400 గడులను 0.05 మిల్లీమీటర్ల ఉక్కు రేకుతో చుడితే ఖాళీ జాగా 92 శాతం దాకా పెరుగుతుంది. హై-ఫ్లో పేరుతో అమ్మే మంచి సరుకులో ఎక్కువ భాగం ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన ఈ రేకుతోనే తయారవుతుంది. రేకు సన్నం కాబట్టి తొందరగా వేడెక్కుతుంది, దెబ్బ తగిలితే పింగాణీలా పగలదు. ఇంతవరకు లాభమే, నష్టం ఏమీ లేదు.

చిక్కు గడుల సంఖ్య దగ్గర వస్తుంది. హై-ఫ్లో క్యాట్లలో ఎక్కువ భాగం 200 గడులవి. రేసింగ్ కోసమని 100 గడులవీ దొరుకుతాయి. గడులు పెద్దవైతే పొగ తేలికగా పోతుంది, నిజమే. అయితే పొగలోని విషం గోడను తాకితేనే మారుతుంది. గడి మధ్యలో వెళ్లే పొగ పక్కకు వ్యాపించి గోడను చేరేలోపే ఇటుక చివరకొచ్చేస్తే అది అలాగే బయటికి పోతుంది. లెక్క వేస్తే తేలేది ఇది: ఇటుక సైజు మార్చకుండా గడులను 400 నుంచి 200కు తగ్గిస్తే, గడుల్లో రాపిడి వల్ల వచ్చే ఒత్తిడి దాదాపు సగమవుతుంది. పొగను గోడకు చేర్చే శక్తి కూడా అటూ ఇటుగా సగమవుతుంది. రెండింటికీ మూలం ఒకటే, గడి వెడల్పు. ఒకటి పెంచి రెండోది నిలబెట్టుకుందామంటే గడుల సంఖ్యతో ఆ పని కాదు.

మరి దారి లేదా అంటే ఉంది. ఇటుకను లావు చేయాలి. ఒక లెక్క చూడండి. వంద మిల్లీమీటర్ల వ్యాసం, వంద మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఇటుక ఘనపరిమాణం 0.79 లీటరు. అదే పరిమాణం 130 మిల్లీమీటర్ల వ్యాసంతో కావాలంటే పొడవు 59 మిల్లీమీటర్లు చాలు. పొగ వేగం తగ్గింది, వెళ్లాల్సిన దూరమూ తగ్గింది. గడులు అవే 400 అయినా రాపిడి ఒత్తిడి మూడో వంతుకు దిగుతుంది. పూత ఎంత ఉండేదో అంతే ఉంది, లోహం ఎంత ఉండేదో అంతే ఉంది. శుద్ధి దాదాపు చెక్కుచెదరదు. అంటే నిజమైన హై-ఫ్లో క్యాట్ లావుగా, పొట్టిగా, ముందూ వెనకా సాఫీగా విచ్చుకునే కోనులతో ఉంటుంది. కోను మరీ నిటారుగా ఉంటే పొగంతా ఇటుక మధ్యలోంచే దూసుకుపోతుంది, అంచుల్లోని గడులు ఉత్తపుణ్యానికి ఉన్నట్టు. దీనికి ఇబ్బందల్లా ఒకటే. కారు కింద అంత జాగా దొరకదు. అందుకే మార్కెట్లో దొరికే సరుకులో ఎక్కువ భాగం పైపు కంటే కొంచెమే లావుండి, 200 గడులతో, పొట్టి ఇటుకతో ఉంటుంది.

చౌక సరుకులో ఇంకో మోసం ఉంది, నా దృష్టిలో అసలు మోసం అదే. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఎంత వేసినా ఫ్లో మారదు. పూతలో ఆ లోహాల రేణువులు అంత సూక్ష్మంగా ఉంటాయి. కాబట్టి ఫ్లో కోసం లోహం తగ్గించామని ఎవరూ చెప్పడానికి వీల్లేదు. అయినా తగ్గిస్తారు, ఎందుకంటే డబ్బాలో ఖరీదైనది అదొక్కటే. 2021 మార్చిలో రోడియం ధర ఔన్సుకు 29 వేల డాలర్లు దాటింది. ప్రపంచంలో తవ్వే రోడియంలో సింహభాగం దక్షిణాఫ్రికా నుంచే వస్తుంది, అక్కడి గనుల్లో ఏ చిన్న ఆటంకం వచ్చినా ధర ఎగబాకుతుంది. అలాంటప్పుడు చౌక క్యాట్ తయారుచేసేవాడు ముందు కోత పెట్టేది రోడియానికే. దాన్ని పట్టుకునే దారి మన దగ్గర లేదు కూడా. మన పొల్యూషన్ పరీక్ష పెట్రోలు కారులో కార్బన్ మోనాక్సైడ్‌నూ హైడ్రోకార్బన్లనూ కొలుస్తుంది గానీ నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. రోడియం అసలే లేని క్యాట్ కూడా పొల్యూషన్ బూతులో దర్జాగా పాసవుతుంది. "సర్టిఫికెట్ వస్తుంది కదా" అనే భరోసా విలువ అంతే.

కొనేటప్పుడు అడగాల్సినవి దీన్నిబట్టి తెలిసిపోతాయి. గడులెన్ని, ఇటుక వ్యాసం పొడవులెంత, లోహం ఎంత, ఏ ప్రమాణానికి లోబడి ఆమోదం వచ్చింది, ఆ నంబరు డబ్బా మీద గుద్ది ఉందా. చాలా కార్లలో ఇటుకల మొత్తం పరిమాణం ఇంజిన్ సామర్థ్యానికి అటూ ఇటుగా ఉంటుంది. ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజినుకు అరలీటరు ఇటుక అమ్ముతుంటే అది ఎందుకంత తేలికగా ఊదుతోందో అర్థం చేసుకోవచ్చు. డబ్బా బయట "హై-ఫ్లో" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా దాని వెనక ఒక నిర్ణీత కొలత ఉండదు. ఎవరి కొలత వారిదే.

ఇంతా చేస్తే పవర్ ఎంత పెరుగుతుంది? టర్బో లేని 1.2 లీటర్ల కారులో, పాత క్యాట్ బాగుంటే, దాదాపు ఏమీ పెరగదు. పవర్ కొలిచే డైనో మీద రెండుసార్లు పరీక్షిస్తే రెండు అంకెల మధ్య వచ్చే తేడాలో అది కలిసిపోతుంది. చిన్న ఇంజిను పంపే పొగకు కంపెనీ క్యాట్ సరిపోయే ఉంటుంది. కారు చురుగ్గా అనిపిస్తే దానికి కారణం చాలాసార్లు చప్పుడు పెరగడమే. చెవికి తగిలిన హోరును కాలు పికప్ అనుకుంటుంది.

టర్బో కారు కథ వేరు. టర్బైన్ తిరిగేది దానికి ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ ఉన్న నిష్పత్తి మీద. క్యాట్ టర్బైన్ వెనకే ఉంటుంది. ఉదాహరణకు టర్బైన్ ముందు 2.4 బార్లు, వెనక 1.4 బార్లు ఉన్నాయనుకుందాం, నిష్పత్తి 1.7. వెనక ఒత్తిడిని 1.2కి దించితే నిష్పత్తి 2. టర్బో తొందరగా లేస్తుంది. పోలో జీటీ, ఆక్టావియా వీఆర్ఎస్ లాంటి కార్ల వాళ్లు డౌన్‌పైపు (టర్బో వెనక పైపు), హై-ఫ్లో క్యాట్, ఆపైన ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూనింగ్ అని వరస కట్టడానికి కారణం ఇదే. ఆ లాభం నిజమైనది. ట్యూనింగ్ లేకుండా పైపు ఒక్కటే మారిస్తే అందులో కొంతే అందుతుంది, ఎందుకంటే ఈసీయూ తనకు చెప్పిన బూస్టు దగ్గరే ఆపేస్తుంది. ఇక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. ట్యూనర్లు చప్పుడు కోసం యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమని పేలేలా సెట్టింగు పెడతారు. కాలని పెట్రోలు క్యాట్‌లో చేరి అక్కడే మండుతుంది. వేలు పోసి కొన్న ఇటుకను ఆ సరదా కొద్ది నెలల్లో కరిగించేస్తుంది.

"బ్యాక్ ప్రెషర్ అస్సలు లేకపోతే బండి లాగదు" అనే పాత వాదం కూడా షెడ్డుల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఒత్తిడి వల్ల ఇంజినుకు ఎప్పుడూ మేలు లేదు. మేలు చేసేది పైపులో పొగ వేగం. ఒక సిలిండరు నుంచి వేగంగా వెళ్లే పొగ తన వెనక శూన్యం లాంటిది వదిలి తర్వాతి పొగను లాగుతుంది. పైపు మరీ లావైతే ఆ వేగం పోయి, తక్కువ ఆర్‌పీఎంలో బండి నీరసిస్తుంది. చిన్న కారుకు మూడంగుళాల పైపు వేసినవాళ్ల ఫిర్యాదు ఇదే, నేరం మోపేది మాత్రం బ్యాక్ ప్రెషర్ మీద.

హై-ఫ్లో కోసం వచ్చేవాళ్లలో ఇంకో తరగతి ఉంది. వీళ్లకు పికప్ పిచ్చి లేదు. కారు లాగడం మానేసింది, ఎవరో క్యాట్ బ్లాక్ అయిందన్నారు, మార్చేటప్పుడు మంచిది వేద్దామని వస్తారు. ఇక్కడ చేయాల్సిన మొదటి పని కొనడం కాదు, కొలవడం. క్యాట్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగిస్తారు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ముల్లు ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ లోపే ఆడుతూ ఉండాలి. 2,500 ఆర్‌పీఎంకు ఎక్కించినప్పుడు మూడు పీఎస్ఐ దాటకూడదు. బ్లాక్ అయిన క్యాట్‌లో ముల్లు ఎక్కి అక్కడే నిలబడి, ఆర్‌పీఎం అలాగే ఉంచితే ఇంకా పైకి పాకుతుంది. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు వెచ్చించని షెడ్డులో క్యాట్ మార్పించుకోవద్దని నా సలహా. పట్టపగ్గాల్లేని పవర్ కావాలనుకునే ట్యూనింగ్ ప్రియులకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లు గేజ్‌ను ఫుల్ లోడులో చూడాలి. క్యాట్ ముందూ వెనకా ఒత్తిడి తేడా తక్కువుంటే, అడ్డం క్యాట్ కాదు. మఫ్లరో, నలిగిన పైపో, ఎయిర్ ఫిల్టరో, ఇన్‌టేకో అయ్యుంటుంది.

క్యాట్ పాడైందని తేలినా, ఎందుకు పాడైందో తేలకుండా కొత్తది బిగిస్తే దానికీ అదే గతి. పాత ప్లగ్గులతోనో చచ్చిన కాయిల్‌తోనో మిస్‌ఫైర్ అవుతున్న ఇంజిను కాలని పెట్రోలును నేరుగా ఇటుక మీదికి పంపుతుంది. ఇటుక ఎర్రగా కాలి లోపల కరిగి గడులు మూసుకుపోతాయి. ఇంజినాయిలు తాగే బండిలో ఆయిల్లోని భాస్వరం పూత మీద గాజులా పరుచుకుంటుంది. హెడ్ గ్యాస్కెట్ లీకై కూలెంట్ వచ్చినా, సెన్సార్లకు పడని రకం సిలికాన్ గమ్ము వాడినా పూతకూ సెన్సార్‌కూ దెబ్బే. డబ్బా తట్టినప్పుడు గలగలమంటే ఇటుక చుట్టూ ఉన్న చాప చెదిరి ఇటుక పగిలిందని అర్థం. మ్యానిఫోల్డ్‌కు అతుక్కుని ఉండే క్యాట్లలో ఆ పింగాణీ పొడి వెనక్కి సిలిండర్లోకే పోయే ప్రమాదమూ ఉంది, అప్పుడు ఇంజిన్ బోరు గోడలు గీసుకుపోతాయి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి కోడ్ పీ0420 వచ్చిందంటే క్యాట్ చచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ కోడ్ వెనక జరిగేది వేరు. క్యాట్‌కు ముందున్న సెన్సార్ పొగలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులను గమనిస్తూ ఉంటుంది. వెనకున్న సెన్సార్ దగ్గర అవి చదునుగా కనిపించాలి, ఎందుకంటే మధ్యలో సీరియం వాటిని మింగేస్తుంది. వెనక సెన్సార్ కూడా ముందుదానిలాగే ఎగిరెగిరి పడుతుంటే, క్యాట్‌లో ఆక్సిజన్ దాచే శక్తి తగ్గిందని ఈసీయూ లెక్క. అంటే అది కొలిచేది శుద్ధిని కాదు, దాచే శక్తిని. సీరియం పొదుపు చేసిన చౌక హై-ఫ్లో క్యాట్ మొదటి నెలల్లో బాగుండి ఆ తర్వాత అదే కోడ్ చూపడానికి కారణం ఇదే. పైపులో ఎక్కడో లీకుండి బయటి గాలి వెనక సెన్సార్‌కు తగిలినా ఈ కోడ్ రావచ్చు. కొత్త క్యాట్ కొనేముందు గ్యాస్కెట్లూ అతుకులూ ఒకసారి చూసుకోవడం చౌక.

దీనికి షెడ్డుల్లో ఒక చిట్కా ఉంది. వెనక సెన్సార్‌కు స్పేసర్ పెట్టి పొగ దారిలోంచి పక్కకు జరుపుతారు. హెచ్చుతగ్గులు దానికి మందగించి కనిపిస్తాయి, లైటు ఆరిపోతుంది. క్యాట్ పని చేయడం మానేసినా ఇక ఎవరికీ తెలియదు. మోసం చేసింది కారునే అనిపిస్తుంది గానీ, రేపు క్యాట్ నిజంగానే చచ్చిపోతుంటే ఆ సంగతి చెప్పే నోరు మూతపడినట్టే.

చట్టం ఏమంటుందో కాస్త తాపీగా చూడాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని తేలిగ్గా దాటేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే నొక్కి చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద పది వేల దాకా జరిమానా. రోడ్డు మీద ఇది ఎంతవరకు అమలవుతుందన్నది మరో సంగతి. బీమా క్లెయిము వచ్చినప్పుడు, బండి అమ్మేటప్పుడు, వారంటీ అడిగినప్పుడు ఇది బయటపడే అవకాశం పోలీసు చెకింగ్‌లో కంటే ఎక్కువ. బీఎస్-4 కార్లకు పొల్యూషన్ పరీక్షలో ఐడిల్ వద్ద కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. 2,500 ఆర్‌పీఎం వద్ద కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే అంకె) ఒకటికి అటూ ఇటూ 0.03. బాగా వేడెక్కిన 200 గడుల క్యాట్ ఈ పరీక్ష దాటుతుంది. చల్లటి ఇంజినుతో పొద్దున్నే ఆఫీసుకు వెళ్లే మొదటి రెండు కిలోమీటర్లలో అది ఏం వదులుతుందో ఈ పరీక్షకు పట్టదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు, ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు, ఈ విషయంలో మన కంటే చాలా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ సమాఖ్య నిబంధనల ప్రకారం బాగున్న క్యాట్‌ను తీసి వేరేది పెట్టడమే కుదరదు. పోయి ఉండాలి, పాడైందని తనిఖీలో తేలి ఉండాలి, లేదా కంపెనీ వారంటీ దాటి, మార్చాల్సిన అవసరం నిజంగా ఉండాలి. కొత్త కార్ల క్యాట్‌కు ఆ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 80 వేల మైళ్లు, కాబట్టి పీ0420 వచ్చిన ఏడేళ్ల కారు యజమాని జేబులో చెయ్యి పెట్టేముందు డీలర్ దగ్గరికి వెళ్లాలి. ఇది తెలియక సొంత డబ్బు పోసినవాళ్లు తక్కువేం కాదు. కాలిఫోర్నియాలో ప్రతి బయటి క్యాట్ మీదా ఆ రాష్ట్ర గాలి మండలి ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు చెక్కి ఉండాలి, అది మీ కారు మోడలుకూ ఏడాదికీ ఇంజినుకూ సరిగ్గా సరిపోవాలి. స్మాగ్ చెక్‌లో కారు కిందికి అద్దం పెట్టి మరీ చూస్తారు. 2021 జూలై నుంచి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చారా అన్నదీ అదే పరీక్షలో పట్టుకుంటున్నారు. న్యూయార్క్, కొలరాడో లాంటి రాష్ట్రాలూ కాలిఫోర్నియా దారి పట్టాయి. టెక్సాస్‌లో కొన్న క్యాట్‌ను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు ఇల్లు మారుతూ కారుతోపాటు తెచ్చుకుంటే అక్కడ అది చెల్లకపోవచ్చు. యూరప్‌లో బయటి క్యాట్లకు రెగ్యులేషన్ 103 కింద ఆమోదపు ముద్ర ఉండాలి. మనం దిగుమతి సరుకు కొనేటప్పుడు ఈ రెండింటిలో ఏదో ఒక ముద్ర ఉందేమో చూడటం మంచి అలవాటు. మన చట్టం దృష్టిలో దానికి విలువ లేకపోయినా, లోహం నిజంగా ఉందని చెప్పే సాక్ష్యం అదొక్కటే.

లోహం ఉందంటే దొంగల కళ్లు కూడా ఉంటాయి. మన దేశంలో మారుతి ఈకో సైలెన్సర్ల దొంగతనాలు పలు నగరాల్లో వార్తలయ్యాయి. అమెరికాలో టయోటా ప్రియస్‌ది అదే పరిస్థితి. 2022 నవంబరులో అక్కడి న్యాయశాఖ దేశమంతా విస్తరించిన ఒక దొంగ క్యాట్ల ముఠాను పట్టుకుని 54 కోట్ల 50 లక్షల డాలర్ల ఆస్తుల జప్తు కోరింది. సెకండ్ హ్యాండ్ క్యాట్ చౌకగా వస్తోందంటే అది ఎవరి కారు కిందిదో అడగాల్సిందే.

ఇన్నీ చూసుకుని వేయించుకుందామనే నిర్ణయానికి వస్తే, బిగింపు మీద శ్రద్ధ పెట్టాలి. కంపెనీ క్యాట్ ఎక్కడుందో కొత్తదీ అక్కడే ఉండాలి. బీఎస్-6 కార్లలో అది ఇంజినుకు ఆనుకుని ఉంటుంది, ఎందుకంటే స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే అత్యధిక హైడ్రోకార్బన్లు పోతాయి, తొందరగా వేడెక్కాలి. సౌకర్యంగా ఉందని దాన్ని ఒక మీటరు వెనక్కి, సీటు కిందికి తోస్తే దూరం తక్కువ ప్రయాణాల్లో అది సరిగా వేడెక్కనే వేడెక్కదు.

పాత బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే తెల్లారి సగం గొడవ తగ్గుతుంది. ఫ్లాంజ్‌తో నేరుగా సరిపోయే మోడలైతే కొత్త గ్యాస్కెట్లు వేసి బిగించడమే. పాత గ్యాస్కెట్‌కు గమ్ము పూసి మళ్లీ వాడటం చూస్తూంటాం, సెన్సార్‌కు ముందున్న జాయింట్లో అది లీకైతే బయటి గాలి లోపలికి పీల్చుకుని ఈసీయూ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది, కొత్త క్యాట్ వేడెక్కుతుంది. యూనివర్సల్ రకమైతే వెల్డింగ్ తప్పదు. బ్యాటరీ నెగటివ్ విప్పకుండా, సెన్సార్లు తీయకుండా టార్చి పట్టుకునేవాడిని అక్కడే ఆపండి. స్టెయిన్‌లెస్ పైపుకు టిగ్ వెల్డింగ్ మంచిది. లోపలి వైపు ఆర్గాన్ పంపకుండా వెల్డింగ్ చేస్తే అతుకు వెనక నల్లటి పొక్కులు కడతాయి, అవి ఊడి ఇటుక గడుల్లో ఇరుక్కుంటాయి. డబ్బా మీద బాణం గుర్తు పొగ వెళ్లే దిక్కుకు ఉండాలి. సెన్సార్ బంగు మరీ కిందివైపు పెట్టకూడదు, పైపులో చేరిన నీటి చుక్క సెన్సార్ పింగాణీ మీద పడితే అది పగులుతుంది. అడ్డం గీతకు కనీసం పది డిగ్రీలు పైకి ఉండేలా చూసుకోవాలి. సెన్సార్ మరకు యాంటీ-సీజ్ పూస్తే సరే, మొనకు తాకకూడదు.

హీట్ షీల్డ్ అన్నది ఇక్కడ అందరూ తేలిగ్గా వదిలేసే వస్తువు. కంపెనీ క్యాట్‌కు అతుక్కుని వచ్చిన రేకు కవచం పాతదాంతోపాటు చెత్తలోకి పోతుంది, కొత్తదానికి ఏమీ ఉండదు. పనిలో ఉన్న క్యాట్ బయటి తోలు కూడా కొన్ని వందల డిగ్రీలుంటుంది, పైన కార్పెట్టు, పక్కన పెట్రోలు లైను, బ్రేకు లైను. ఎండిన గడ్డి మీద ఆపిన కారు కింద నిప్పంటుకోవడానికి ఇది చాలు. షీల్డు లేకుండా బండి కిందికి దింపనివ్వకండి.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పింగాణీ రకంలో చాప వ్యాకోచించి ఇటుకను పట్టుకోవాలి, కాబట్టి కాసేపు ఐడిల్‌లో వదిలి మెల్లగా వేడెక్కనివ్వాలి. చిన్న వాసన, సన్నటి పొగ వస్తే భయపడనక్కర్లేదు. స్టార్ట్ చేయగానే రేసు ఇవ్వడం మాత్రం వద్దు. తర్వాత స్కానర్ పెట్టి పాత కోడ్లు చెరిపేసి, కొద్ది రోజులు మామూలుగా నడిపాక మళ్లీ స్కాన్ చేసి క్యాట్ పరీక్ష పూర్తయిందో లేదో చూడాలి. కోడ్ చెరిపిన గంటలోనే లైటు రాలేదని సంబరపడితే ఉపయోగం లేదు, ఈసీయూ అప్పటికింకా పరీక్ష మొదలుపెట్టి ఉండదు. గేజ్‌తో ముందు తీసిన రీడింగు కాగితం దాచి ఉంటే అదే రంధ్రంలో, అదే ఆర్‌పీఎంలో మళ్లీ కొలిచి తేడా రాయించుకోండి. పాత క్యాట్‌ను మాత్రం షెడ్డులో వదిలి రావద్దు, పాడైనా సరే. అందులో ఉన్న లోహానికి మంచి ధర పలుకుతుంది. బాగుంటే గోనెసంచిలో చుట్టి ఇంట్లో పెట్టుకోండి, బండి అమ్మే రోజున తిరిగి బిగించాల్సి రావచ్చు.